బండి ఆగిపోతే ఇంటికి చెప్పకూడదా?

చి. చిన్నాకు,

నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించింది. పెరట్లో మునగచెట్టు మొన్నటి గాలికి సగానికి విరిగింది కానీ మిగిలిన సగం బాగానే కాస్తోంది. కోసినప్పుడల్లా నువ్వు వస్తావని మీ అమ్మ నాలుగు కాయలు పక్కన పెడుతోంది. అవి అక్కడే ఎండిపోతున్నాయి.

నువ్వు సరిగ్గా మాట్లాడి 22 రోజులైంది. నేను చేస్తే "లోడింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అంటావు. 22 రోజుల లోడింగు ఎక్కడుంటుందిరా? ఆదివారం పెద్దమావయ్య వచ్చి కాఫీ తాగుతూ, "చిన్నోడి లారీ రాయ్‌పూర్‌లో కంపెనీ షెడ్డులో ఉండిపోయిందటగా" అన్నాడు. మీ అమ్మ నా మొహం చూసింది. మాకు తెలిసినట్టే తలూపి ఊరుకున్నాం. సరే, ఆ సంగతి తర్వాత రాస్తాను.

పాపకి కొత్త బడి నచ్చింది. ఎక్కాలు పన్నెండు దాకా అప్పజెబుతోంది. కోడలు శుక్రవారం పాపని తీసుకుని వచ్చి వెళ్లింది. చేతికి బంగారు గాజులు లేవు, మట్టిగాజులే ఉన్నాయి. నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఈ నెల కంతు ఎలా కట్టారో నాకు అర్థమైంది.

అందుకే తర్వాత రాస్తానన్నది ఇప్పుడే రాస్తున్నాను. యూరియా లైను బైపాస్ చేయించావట, సైలెన్సర్‌లో ఫిల్టర్ కూడా తీయించేశావట, డ్యాష్‌బోర్డు వెనక డబ్బా ఏదో పెట్టించావట. ఇంజిన్ పోయాక వారంటీ లేదన్నారట. నిజమేనా? నీ నోటితో చెప్పు.

ఎందుకు చేయించావో నాకు తెలియక కాదు. కిందటి ఏడాది సాలూరు ఘాట్‌లో లోడుతో ఉండగా, పొగలో విషవాయువుని కొలిచే నాక్స్ సెన్సార్ లైటు వెలిగి, పికప్ పడిపోయి, నడక వేగంతో ఎక్కావు. సెన్సార్ వచ్చేదాకా తొమ్మిది రోజులు షెడ్డులో కూర్చున్నావు. ఆ తొమ్మిది రోజుల కిరాయి నీకు ఎవరిచ్చారు? ఆ కోపం న్యాయమైనదే. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ తగ్గించే బీఎస్-6 రూలు బండ్లు వచ్చాక ఆటోనగర్‌లో నా మెకానిక్ షెడ్డుకి ఇలాంటి కోపంతో వచ్చిన ఓనర్లను చాలామందిని చూశాను. సెన్సార్లు స్టాకు పెట్టని కంపెనీ వాళ్లదీ తప్పే. కానీ ఆ కోపం మీద నువ్వు చేయించిన పని ఏమిటో ఒకసారి విను.

ఆ ఫిల్టర్ పొగలోని మసిని పట్టుకుంటుంది. నిండాక ఇంజినే ఇంకాస్త డీజిల్ పంపి, 600 డిగ్రీల దాకా వేడెక్కించి ఆ మసిని కాల్చేస్తుంది. తర్వాత యూరియా నీళ్లు చిమ్మితే నైట్రోజన్ విషవాయువు మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారిపోతుంది. ఇవన్నీ పీకేస్తే కంప్యూటర్ ఊరుకోదు కాబట్టి, అన్నీ ఉన్నాయని దానికి అబద్ధం చెప్పడానికి ఆ డబ్బా. పెట్టేవాడు అంతటితో ఆగడు, పనిలో పనిగా పికప్ కోసం ప్రోగ్రామ్ కూడా మారుస్తాడు. డీజిల్ ఎక్కువ పడుతుంది, ఎగ్జాస్ట్ వేడి కంపెనీ పెట్టిన హద్దు దాటుతుంది. ఖాళీ బండిగా హైవే మీద పోతుంటే ఏమీ తెలియదు. లోడుతో కేశ్‌కాల్ ఘాట్ ఎక్కేటప్పుడు పిస్టన్‌కి తెలుస్తుంది.

ఇంట్లో ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. 1994లో, అప్పటికి నువ్వింకా ఉయ్యాల్లో ఉన్నావు. కంకిపాడు ఆసామి ఒకాయన కొత్త లారీ కొన్నాడు, ఆరు నెలలైనా కాలేదు. నూజివీడు మామిడికాయ నాగపూర్ వేస్తున్నాడు. మామిడికాయ లోడంటే నీకు తెలుసు, ఒక పూట ఆలస్యమైతే ధర సగం. "పంపు కొంచెం తెరువు, ఘాట్‌లో అందరూ నన్ను దాటిపోతున్నారు" అన్నాడు. అప్పట్లో కంప్యూటర్ లేదు, డీజిల్ పంపు మీద ఇత్తడి తీగకి సీసపు సీలు ఉండేది. ఆ సీలు తెంచితే వారంటీ పోయినట్టే. నాకు తెలుసు. తెలిసే కటింగ్ ప్లయర్‌తో తెంచి, స్క్రూ అరచుట్టు తిప్పాను. 150 రూపాయలు తీసుకున్నాను. బండి నల్లగా పొగ కక్కుతూ బాణంలా పోయింది. ఆయన ఎంతో సంతోషించాడు.

మూడో ట్రిప్పులో నిర్మల్ ఘాట్‌లో ఆగిపోయింది. వేరే లారీకి కట్టి లాక్కొచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. షెడ్డులోకి రాగానే ఆటోనగరంతా మగ్గిన మామిడిపళ్ల వాసన. బుట్టల్లోంచి రసం కారి ఛాసిస్ మీద పడుతోంది, ఈగలు ముసురుతున్నాయి. ఇంజిన్ హెడ్ దించి చూస్తే ఆరో పిస్టన్ నెత్తిన రూపాయి బిళ్లంత కన్నం. అంచులు కొవ్వొత్తి మైనంలా కారి గడ్డకట్టాయి. పిస్టన్ ఆడే బోరంతా గీతలే.

కంపెనీ మనిషి వచ్చాడు. పిస్టన్ వంక కూడా చూడలేదు. పంపు దగ్గర గొంతుక్కూర్చుని, తెగిన తీగని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది ఎవరు తెంచారు?" అన్నాడు. ఆసామి నా వంక చూశాడు. నేను "అదురుకి తెగిపోయి ఉంటుందండీ" అన్నాను. ఆయన కాగితం మీద రెండు ముక్కలు రాసుకుని వెళ్లిపోయాడు. ఏడాది తర్వాత వేరే పని మీద వచ్చినప్పుడు నాతో అన్నాడు: "నిజం చెప్పి ఉంటే మొత్తం ఇవ్వకపోయినా, క్రాంకు షాఫ్టు ఖర్చు వరకైనా మా వాళ్లతో మాట్లాడేవాణ్ణి. అబద్ధం ఆడారు కాబట్టి ఫైలు మూసేశాను" అని.

ఆసామి ఎకరం అమ్మి ఇంజిన్ చేయించుకున్నాడు. మళ్లీ నా షెడ్డుకే వచ్చాడు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన పోయేదాకా కంకిపాడు సెంటర్ మీదుగా వెళ్తే నేను తల దించుకునే వెళ్లాను.

అందుకే చెబుతున్నాను చిన్నా, అబద్ధం ఆడొద్దు. తీసినవన్నీ రాత్రికి రాత్రి మళ్లీ బిగించి "నేనేం చేయలేదు" అనమని ఆ మెకానిక్ చెబుతాడు. వినకు. ప్రోగ్రామ్ మార్చిన జాడ వాళ్ల కంప్యూటర్లో దొరుకుతుంది. అది లేకపోయినా 100 లీటర్ల డీజిల్‌కి నాలుగైదు లీటర్ల డెఫ్, అదే ఆ యూరియా నీళ్లు, పడుతుంది. ఇన్ని వేల కిలోమీటర్లకి నీ దగ్గర డెఫ్ బిల్లులు ఎన్ని ఉన్నాయి అని అడిగితే ఏం చూపిస్తావు?

అలాగని చేతులు ముడుచుకోవద్దు. వారంటీ ఎందుకు కాదంటున్నారో, ఏ పార్టు ఏ కారణంతో పోయిందో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి ఇమ్మను. నోటిమాటకి తలూపి సంతకం పెట్టొద్దు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారి పిస్టన్ పోయినా కన్నం ఇలాగే పడుతుంది, కాబట్టి ఇంజెక్టర్లు టెస్టు బెంచి మీద నీ కళ్లముందే చూడాలి. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ లాంటివాటికీ, నువ్వు చేయించిన పనికీ సంబంధం లేదు, వాటి వారంటీ ఉందో లేదో అదీ రాయించుకో. నీకు ఒక్కటే బండి, నువ్వే స్టీరింగ్ పట్టి బతుకుతున్నావు. అలాంటివాడు బతుకుతెరువు కోసం కొన్నది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, చట్టంలో ఆ మాట ఉంది. కాకపోతే అక్కడికి వెళ్తే మొదట అడిగేది ఆ డబ్బా గురించే. అదీ కాక మోటారు వాహనాల చట్టం 182ఎ కింద ఓనరు బండిని ఇలా మార్పిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. భయపెట్టాలని కాదు, తెలిసి ఉండాలని.

తీసిన ఫిల్టర్ ఎక్కడుంది? మెకానిక్ ఉంచేసుకున్నాడా? దాని లోపల ప్లాటినం పూత ఉంటుంది, స్క్రాపు వాళ్లు ఎగబడి కొంటారు. ఉంటే వెనక్కి తెచ్చుకో, కొత్తది కొనాలంటే మన తరం కాదు. అన్నీ బిగించాక డెఫ్ సీలున్న క్యానే కొను. బస్తా యూరియా నీళ్లలో కలిపి అమ్మేవాళ్ల జోలికి పోకు. పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, నాజిల్ పూడిపోతుంది.

ఉపదేశాలు ఎక్కువ రాశాను. ఏం తింటున్నావు? ఎక్కడ పడుకుంటున్నావు? క్యాబిన్‌లోనే అయితే రాత్రిళ్లు రెండు అద్దాలూ మూయకు, గాలి ఆడాలి. మన కోటిగాడు రాయ్‌పూర్ లోడుతో బయల్దేరుతున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. గోంగూర పచ్చడి, కందిపొడి, నీ నీలం దుప్పటి కూడా పంపుతోంది మీ అమ్మ. పచ్చడి సీసా మూత లూజుగా ఉంది, నిలబెట్టే ఉంచు.

నేను సోమవారం బయల్దేరి వైజాగ్ వెళ్లి, అక్కడినుంచి రైల్లో వస్తున్నాను. వద్దనకు. కోడలి గాజుల సంగతి నేను చూసుకుంటాను, తనతో ఏమీ అనకు. బుధవారం నేను వచ్చేదాకా వాళ్లని హెడ్ దించనివ్వొద్దు. ఈలోగా ఒక్క ఫోను చెయ్యి. నాకు కాకపోయినా మీ అమ్మకి చెయ్యి.

మీ నాన్న