అధ్యక్షురాలి ఫోను ఎవరెత్తుతారు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం సంచికలో పద్నాలుగు వారాలుగా వస్తున్న పొలిటికల్ థ్రిల్లర్ సీరియల్‌ను ఒక్క వారం కూడా వదలకుండా చదువుతున్నాను. ఒక ఊహాదేశం, దానికి తొలిసారి ఒక స్త్రీ అధ్యక్షురాలు కావడం, ఆమె చుట్టూ కుట్ర. ఎత్తుగడ బాగుంది. డెబ్బై ఒకటో ఏట కూడా నన్ను ఆదివారం కోసం ఎదురుచూసేలా చేశారు, ముందు అందుకు రచయితకు థాంక్స్. కానీ పోయిన వారం భాగం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఆ భాగంలో అధ్యక్షుడు హఠాత్తుగా చనిపోతాడు. ఉపాధ్యక్షురాలైన కథానాయిక ఆ తర్వాతి పేరాలోనే ప్రమాణం చేసేస్తుంది. ఇక అక్కడినుంచి రెండు పేజీల నిండా హెలికాప్టర్ మీద కాల్పులు. మధ్యలో బాత్రూమ్ తలుపు వేసుకుని ఆవిడ ఒక ఏడుపు. నేను ప్రభుత్వాఫీసులో ముప్పై మూడేళ్లు స్టెనోగా పనిచేసిన మనిషిని. నా బోటివాళ్లకు అసలు టెన్షన్ ఆ రెండు పేరాల మధ్య ఉన్న ఖాళీలో ఉంటుంది. ఆయన పోయిన కబురు ముందు ఎవరికి తెలిసింది? ఆవిడకు ఎవరు చెప్పారు, చెప్పొద్దని ఎవరు ఆపారు? రచయిత సరిగ్గా అక్కడే ఒక్క గెంతు గెంతి అవతల పడ్డారు.

మలావీ సంగతి మీ పాఠకుల్లో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. 2012 ఏప్రిల్ 5న ఆ దేశాధ్యక్షుడు బింగు వా ముతారికా గుండె ఆగి చనిపోయారు. రాజ్యాంగం ప్రకారం ఆ కుర్చీ ఉపాధ్యక్షురాలు జాయిస్ బాండాకు రావాలి. అయితే ముతారికా తన తర్వాత తమ్ముణ్ని నిలపాలనుకోవడంతో ఇద్దరికీ అప్పటికే చెడింది. 2010లో ఆమెను పార్టీ నుంచి వెళ్లగొట్టారు. పదవి మాత్రం ప్రజల ఓటుతో వచ్చింది కాబట్టి అది లాక్కోవడం కుదరలేదు. ఆమె సొంత పార్టీ పెట్టుకున్నారు. ఇప్పుడు అధ్యక్షుడు పోయారు, మంత్రులేమో ఆ మాట బయటికి చెప్పలేదు. దేహాన్ని విమానంలో దక్షిణాఫ్రికాకు పంపి, చికిత్స కోసమన్నారు. 6వ తేదీ రాత్రి బాగా పొద్దుపోయాక కొందరు మంత్రులు విలేకరుల ముందు కూర్చుని, వేరే పార్టీ పెట్టుకున్న మనిషికి ఆ కుర్చీ మీద హక్కు లేదన్నారు. ఆ మాట చెప్పిన సమాచార మంత్రి కూడా ఆడమనిషే! ఇలాంటి మలుపు సీరియల్లో పెడితే ఎవరూ నమ్మరని మన రచయితే కొట్టేసి ఉండేవారేమో.

బాండా అప్పుడు సైన్యాధిపతి జనరల్ ఒడిల్లోకు ఫోన్ చేశారు. ఆయన రాజ్యాంగం వైపు నిలబడ్డారు. ఆమె ఇంటికి సైనికులు కాపలా వచ్చారు. 7న మరణవార్త అధికారికంగా బయటపడింది, అదే రోజు లిలాంగ్వేలో ఆమె ప్రమాణం చేశారు. ఒక్క తూటా పేలలేదు. కానీ ఆ జనరల్ ఫోను ఎత్తకపోయి ఉంటే? ఎత్తి, “చూద్దాం మేడమ్” అని పెట్టేసి ఉంటే?

ఆ “చూద్దాం మేడమ్” ఎంత పని చేస్తుందో నేను కళ్లారా చూశాను. మా ఆఫీసుకు మొట్టమొదటిసారి ఒక మహిళ పెద్ద అధికారిగా వచ్చారు. ఎవరూ ఎదురు తిరగలేదు. అందరూ లేచి నిలబడ్డారు, దండలు వేశారు, ఫొటో దిగారు. ఫైళ్లు మాత్రం సెక్షన్లో సోమవారం బయల్దేరి ఆవిడ టేబుల్ మీదికి గురువారం చేరేవి. మధ్యలో ఉన్నవి పన్నెండు మెట్లు! అడిగితే “చూస్తాం మేడమ్”, “ఇప్పుడే వస్తోంది మేడమ్”. ఆ మూడు రోజులూ ఫైలు బదిలీ అయిపోయిన పాత అధికారి ఇంటికి వెళ్లి, ఆయన చూశాక తిరిగొస్తోందని అటెండర్ నుంచి సూపరింటెండెంట్ దాకా అందరికీ తెలుసు. నాకూ తెలుసు. చెప్పలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి ఆవిడ తన గదిలో కూర్చోవడం మానేసి, ఒక రోజంతా డిస్పాచ్ క్లర్కు పక్కన కుర్చీ వేయించుకుని, రిజిస్టర్లో తేదీలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివారు. ఒక్క మాట అనలేదు. మర్నాటినుంచి ఫైళ్లు పన్నెండు మెట్లూ పావుగంటలో ఎక్కేశాయి.

మీ సీరియల్లో ఆ రిజిస్టర్ లేదు. ఆ కథానాయిక ఆర్డర్ వేయగానే అది గాల్లో ఎగిరి సరిహద్దుకు చేరిపోతుంది. ఏ గుమాస్తా చేతిలోనూ ఒక పూట కూడా ఆగదు. అలాంటి దేశం ఉంటే నాకూ చూడాలనుంది.

ఈక్వడార్ కథ ఇంకా విచిత్రం. 1997 ఫిబ్రవరి 6న అక్కడి కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, మానసికంగా తగడంటూ అధ్యక్షుడు బుకారామ్‌ను 44-34 ఓట్లతో తీసేసింది. తర్వాత ఎవరన్నది రాజ్యాంగంలో స్పష్టంగా లేదు. ఆయన దిగనన్నాడు, ఉపాధ్యక్షురాలు రోసాలియా ఆర్తియాగా నేనన్నారు, కాంగ్రెస్ అధ్యక్షుడు అలర్కోన్ నేనన్నాడు. దేశానికి ఒకేసారి ముగ్గురు అధ్యక్షులు. సైన్యం మధ్యవర్తిగా కూర్చున్నాక ఆమెకు దక్కినవి రెండు రోజులు. రాజ్యాంగంలో లేని ఒక్క వాక్యం వల్ల ఇంత కథ నడిచింది. ఇక బొలీవియాలో 1980 జూలైలో తాత్కాలిక అధ్యక్షురాలు లిడియా గైలర్‌ను కుట్ర చేసి దించేసిన జనరల్ ఆవిడ చుట్టమే.

బాంబులూ తూటాలూ అబద్ధమని నేననను. శ్రీలంక తొలి అధ్యక్షురాలు చంద్రికా కుమారతుంగ మీద 1999 డిసెంబర్ 18న బాంబు దాడి జరిగింది, కుడి కన్ను చూపు పోయింది, మూడు రోజులకే జరిగిన ఎన్నికల్లో ఆవిడ గెలిచారు. ఆవిడ తండ్రినీ భర్తనూ అప్పటికే హత్యలు మింగేశాయి. రాయాలనుకుంటే అదీ రాయవచ్చు. కానీ మీ సీరియల్లో తూటా తగిలిన ప్రతిసారీ పక్కవాడు పోతాడు, ఆవిడకు జుట్టు మాత్రమే చెదురుతుంది. ఆ జుట్టు గురించి ఇప్పటికి ఐదు సార్లు రాశారు, లెక్కపెట్టాను.

భాష గురించి ఒక చిన్న మాట. ప్రతి వారం సీరియల్ పేరు కింద “తొలి మహిళా అధ్యక్షురాలి కథ” అని వేస్తున్నారు. అధ్యక్షురాలంటేనే ఆడమనిషి కదా, మళ్లీ మహిళా ఎందుకు? పైగా కథలో విలన్ “జనరల్ గారు”, ఆర్థిక మంత్రి “ఆయన”, దేశాధ్యక్షురాలికి మాత్రం ఇంట్లో పిలిచే ముద్దుపేరు. అది పాత్రలు మాట్లాడే తీరైతే నేను ఒప్పుకుంటాను, కుట్రదారులు అలాగే మాట్లాడతారు. రచయిత తన సొంత మాటల్లోనూ అలాగే రాస్తే కుట్రలో ఆయనా ఉన్నారేమో అనిపిస్తుంది.

ఇంకొకటి, పద్నాలుగు వారాల్లో ఆవిడ ఒక్క తప్పు చేయలేదు. బాండా హయాంలోనే ఖజానా డబ్బు అధికారులు కాజేసిన కుంభకోణం బయటపడింది, 2014 ఎన్నికల్లో ఆవిడ మూడో స్థానానికి పడిపోయారు, ఆ ఎన్నికే రద్దు చేయబోతే చెల్లలేదు. దక్షిణ కొరియా తొలి అధ్యక్షురాలు పార్క్ గున్‌హేను 2017 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా తొలగించింది. మన కథానాయికకు కనీసం ఒక చెడ్డ సలహాదారుణ్నైనా ఇవ్వండి. వాడిని ఆవిడే ఏరికోరి పెట్టుకున్నట్టు రాయండి.

మీ ప్రకటన ప్రకారం ఇంకా ఆరు వారాలు మిగిలి ఉంది. అమెరికాలో 2021 నవంబర్ 19న బైడెన్‌కు వైద్య పరీక్ష కోసం మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు కమలా హారిస్ చేతికి అధ్యక్ష అధికారాలు వచ్చి, 85 నిమిషాల్లో తిరిగి వెళ్లిపోయాయి. వెళ్లేటప్పుడొక ఉత్తరం, వచ్చేటప్పుడొక ఉత్తరం. టైపు చేసిన చేతులు ఎవరివో అని ఆ రోజు చాలాసేపు ఆలోచించాను. రచయితకు ఈ ఉత్తరం అందితే నాదొక్కటే కోరిక. వచ్చే వారం ఒక భాగమంతా అటువైపు గదిలో జరిగేలా రాయమనండి. ఆ జనరల్ గారి బల్ల మీద ఫోన్ మోగుతోంది. చేసింది ఎవరో ఆయనకు తెలుసు. గదిలో ఉన్న మిగతా నలుగురికీ తెలుసు. అందరూ ఆయన చేతికేసి చూస్తున్నారు. ఎన్నిసార్లు మోగాక ఎత్తాడో, ఎత్తి మొదట ఏమన్నాడో రాయమనండి. హెలికాప్టర్‌ను ఆ పై వారం కాల్చుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ స్టెనో