ప్లేట్‌లెట్లు తగ్గితేనే భయమా, పెరిగితే ఎవరికీ పట్టదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మామూలు రక్త పరీక్షతో గర్భసంచి క్యాన్సర్ తెలిసిపోతుందని ఈ మధ్య వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. అది చూసి కొంతమంది ల్యాబ్‌కొచ్చి ఆ టెస్ట్ ఏదో మాకూ చేయండి అంటున్నారు. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, పొద్దున లేస్తే సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే మామూలు రక్త పరీక్ష) రిపోర్టులతోనే నా పని, అందుకే రాస్తున్నా. అలాంటి టెస్ట్ ఏదీ లేదండీ. కానీ అది ఉత్త గాలి కబురు కూడా కాదు, దాని వెనకాల పనికొచ్చే సంగతి ఒకటుంది, జనం దాన్ని వదిలేసి హెడ్డింగ్ ఒక్కటే ఫార్వర్డ్ చేస్తున్నారు.

అరవై దాటిన ఒకావిడ నీరసంగా ఉందని డాక్టర్ దగ్గరికి వెళ్ళింది అనుకుందాం. రిపోర్టులో హిమోగ్లోబిన్ 10.4, ప్లేట్‌లెట్లు 4 లక్షల 80 వేలు, ఫాస్టింగ్ షుగర్ 150. హిమోగ్లోబిన్‌కి ఐరన్ మాత్రలు రాస్తారు, షుగర్‌కి షుగర్ మాత్రలు రాస్తారు, ప్లేట్‌లెట్ల దగ్గర ఎక్కువున్నాయని చెప్పే హెచ్ గుర్తు పడి ఉన్నా దాని సంగతి ఎవరూ ఎత్తరు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు తగ్గితే ఇంటిల్లిపాదీ కంగారు పడిపోతారు గానీ పెరిగితే అదేదో మంచిదే అన్నట్టు ఊరుకుంటారు. పైగా ఈ మూడు అంకెల్నీ కలిపి చదివేవాళ్ళు లేరు, దేని మాత్ర దానికే.

కలిపి ఎందుకు చదవాలంటే, నెలసరి వచ్చే వయసులో రక్తం తక్కువంటే నెలనెలా పోతోంది కదా అని సరిపెట్టుకోవచ్చు. అది ఆగిపోయి పదేళ్ళయ్యాక కూడా ఐరన్ తగ్గుతోందంటే మరి రక్తం ఎటు పోతోంది? పేగుల్లో పోతోందా, గర్భసంచిలోంచి పోతోందా, చూడాలి కదా. ఇక ప్లేట్‌లెట్లంటారా, కొన్ని రకాల క్యాన్సర్ గడ్డలు వదిలే పదార్థాల వల్ల లివర్‌లో థ్రాంబోపోయిటిన్ అనే హార్మోన్ ఎక్కువ తయారవుతుంది, దాంతో ఎముక మూలుగ అవసరానికి మించి ప్లేట్‌లెట్లు చేస్తుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా, ఐరన్ తగ్గినా కూడా పెరుగుతాయి, కాబట్టి ఆ ఒక్క అంకె చూసి గుండె బాదుకోనక్కర్లేదు. షుగరూ లావూ ఉన్నవాళ్ళకి ఈ గర్భసంచి క్యాన్సర్ ముప్పు ఎక్కువని ఎప్పట్నుంచో తెలిసిందే, ఒంట్లో కొవ్వు నుంచి కూడా ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారవుతుంది, నెలసరి ఆగాక దానికి పగ్గం వేసే ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ ఉండదు, అందువల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది, అదే ఒక్కోసారి క్యాన్సర్‌కి దారి తీస్తుంది.

ఇది నా సొంత కవిత్వం కాదు. బ్రిటన్‌లో డాక్టర్లకి దారి చూపించే నైస్ సంస్థ 2015లోనే గైడ్‌లైన్స్‌లో పెట్టింది. 55 దాటిన ఆడవాళ్ళకి కారణం తెలియని డిశ్చార్జ్ (తెల్లబట్ట లాంటిది) ఉండి ప్లేట్‌లెట్లు ఎక్కువుంటే, లేదా మూత్రంలో కంటికి కనపడేలా రక్తం పడుతూ దాంతోపాటు హిమోగ్లోబిన్ తక్కువో ప్లేట్‌లెట్లు ఎక్కువో షుగర్ ఎక్కువో ఉంటే, గర్భసంచి స్కాన్ గురించి ఆలోచించమని అందులో ఉంది. 2017లో అక్కడి ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు నలభై దాటినవాళ్ళ రికార్డులు చూస్తే ప్లేట్‌లెట్లు 4 లక్షలు దాటిన ఆడవాళ్ళలో 6.2 శాతం మందికి ఏడాదిలోపే ఏదో ఒక క్యాన్సర్ బయటపడింది, మామూలుగా ఉన్నవాళ్ళలో అది 2.2 శాతమే. అయితే అందులో గర్భసంచివి మాత్రమే కాదు, ఊపిరితిత్తులవీ పెద్దపేగువీ ఎక్కువ. ఇంకో తిరకాసు ఏంటంటే మా రిపోర్టుల్లో నార్మల్ అని నాలుగున్నర లక్షల దాకా వేస్తాం, అంటే వాళ్ళ లెక్కలో ఎక్కువ కిందికొచ్చే 4 లక్షల 20 వేలకి మా దగ్గర గుర్తే పడదు.

ఇప్పుడు అసలు భయం చెప్తా. ఈ రక్త పరీక్ష ప్రచారం ఇలాగే ముదిరితే, నెలసరి ఆగిపోయాక బ్లీడింగ్ కనపడిన ఆవిడ కూడా సీబీపీ చేయించుకుని, నార్మల్ వచ్చిందిగా అని ఇంట్లో కూర్చుంటుంది. అది ఘోరం. ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి ముందు కనపడేది బ్లీడింగే, తొలి దశలో రక్త పరీక్షలన్నీ శుభ్రంగా ఉండొచ్చు. ఆగిపోయిన ఏడాది తర్వాత ఒక్క మచ్చ కనపడినా సరే, వేడి చేసిందిలే అనుకోకుండా వెళ్ళి చూపించుకోవాలి. అలా వెళ్ళిన వందమందిలో క్యాన్సర్ తేలేది తొమ్మిదిమందికి అటూఇటూగా, మిగతావాళ్ళకి పొర పల్చబడటమో పాలిప్పో (లోపల పెరిగే చిన్న కండ) ఇంకోటో ఉంటుంది. లోపలి నుంచి చేసే స్కాన్‌లో పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షకి పంపుతారు, అంతే. తొలి దశలో దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. పాప్ స్మియర్ చేయించుకున్నాం కదా అనేవాళ్ళున్నారు, అది గర్భసంచి ముఖద్వారం కోసం, దీనికి దాన్ని నమ్ముకోవద్దు. ప్యాకేజీల్లో కలిపి అమ్మే సీఏ 125 అనే రక్త పరీక్ష కూడా అంతే, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో వచ్చే క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నా పెరుగుతుంది, క్యాన్సర్ ఉన్నా నార్మల్ రావచ్చు.

నేను అడిగేది కొత్త టెస్ట్ కాదు, కొత్త మిషన్ కాదు. రక్తం ఇచ్చేటప్పుడు నింపే ఫారంలో పేరు, వయసు, ఫోన్ నంబర్ రాయిస్తారు, యాభై దాటిన ఆడవాళ్ళకి అందులోనే ఇంకో ప్రశ్న పెట్టండి: నెలసరి ఆగిపోయాక ఎప్పుడైనా రక్తం గానీ డిశ్చార్జ్ గానీ కనపడిందా? టిక్కు పెడితే చాలు. కౌంటర్ దగ్గర పదిమందిలో గట్టిగా అడిగితే ఎవరూ నోరు విప్పరు, డాక్టర్ దగ్గర కూడా నీరసం అని సరిపెట్టేస్తారు, కాగితం మీదైతే చెప్తారు. ఆ టిక్కు ఉంటే రిపోర్టు కింద, రక్తం అంకెలు ఎలా ఉన్నా గైనకాలజిస్ట్‌ని కలవండి అని ఒక లైను ప్రింట్ అవ్వాలి. టిక్కు లేకపోయినా ప్లేట్‌లెట్లు ఎక్కువ, హిమోగ్లోబిన్ తక్కువ రెండూ కలిసొస్తే డాక్టర్‌కి ఇంకో లైను. ఇప్పుడు కింద వేసే లైను ఏంటో తెలుసా, ‘క్లినికల్‌గా సరిచూసుకోవలెను’. అది ఎవరికోసం రాస్తామో మాకే తెలీదు! పాత రిపోర్టు అంకెలు కూడా పక్కనే వేయొచ్చు, సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఉంటాయి, పోయినేడు 2 లక్షల 60 వేలున్న ప్లేట్‌లెట్లు ఈ ఏడు 4 లక్షల 40 వేలైతే నార్మల్‌లోనే ఉన్నా డాక్టర్ కంట్లో పడాలి.

మీ పేపర్‌కి కూడా ఒక మనవి. ఈ వార్త ఎప్పుడైనా వేస్తే ‘రక్త పరీక్షతో క్యాన్సర్ గుర్తింపు’ అని పెద్దక్షరాల్లో పెట్టకండి, బ్లీడింగ్ సంగతి ముందు పెట్టి రక్తం అంకెల సంగతి తర్వాత పెట్టండి. హెల్త్ ప్యాకేజీల యాడ్ పక్కనే మాత్రం అస్సలు వద్దు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ల్యాబ్ టెక్నీషియన్