సీడీ4 పెరిగిందని మాత్రలు ఆపకు

నాన్నా,

నువ్వు పంపిన హెచ్‌ఐవీ రిపోర్టు చూశాను. సీడీ4, అంటే ఒంటిని కాపాడే ఒక రకం తెల్ల రక్తకణాల లెక్క, 720. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క, అన్‌డిటెక్టబుల్, పరీక్షకు దొరకనంత తక్కువ. ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ కిందే "ఇంత బాగున్నప్పుడు కొన్నాళ్లు మాత్రలు ఆపితే ఏమవుతుంది?" అని రాశావు. అది చదివినప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది. ఫోన్లో మాట్లాడితే ఇద్దరం అరుచుకుంటాం, అందుకే రాస్తున్నాను.

ఆ 720 రక్తంలో ఉన్న సీడీ4 కణాల లెక్క మాత్రమే. ఈ వైరస్ అసలు దెబ్బ కొట్టేది పేగుల్లో. సోకిన మొదటి వారాల్లోనే అక్కడి సీడీ4 కణాలు చాలావరకు పోతాయి. పేగు గోడ దెబ్బతిని బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి చేరతాయి. వాటితో, వైరస్‌తో కలిపి ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక వ్యవస్థ రేపే మంట, రగులుతూనే ఉంటుంది. వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 కణాలు మొదట్లో వైరస్‌ను గట్టిగానే అణుస్తాయి, ఏళ్ల తరబడి పోరాడి అవీ అలసిపోతాయి. జబ్బును ముదిరేలా చేసేది ఈ ఆగని మంటే. సూటీ మాంగబీ అనే ఆఫ్రికా కోతుల రక్తంలో ఇలాంటి వైరసే బోలెడంత ఉంటుంది, అయినా వాటికి ఎయిడ్స్ రావడం చాలా అరుదు. వాటి ఒంట్లో ఈ మంట ఎక్కువకాలం నిలవదు. నాకైతే ఆ కోతుల సంగతి చదివాకే ఈ జబ్బు అర్థమైంది.

మందులు లేకుండానే వైరస్‌ను అదుపులో పెట్టుకునేవాళ్లు ఉన్నారన్నావు. నిజమే, నూటికి ఒక్కరు కూడా ఉండరు. వాళ్లలోనూ ఇన్‌ఫ్లమేషన్ మామూలుకంటే ఎక్కువే.

నువ్వడిగిన ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చింది. స్మార్ట్ అనే పెద్ద క్లినికల్ పరీక్షలో హెచ్‌ఐవీ ఉన్న 5,400 మందికి పైగా పాల్గొన్నారు. సగం మందికి సీడీ4 350 దాటితే మందులు ఆపి, 250 కంటే తగ్గితే మళ్లీ మొదలుపెట్టారు. మానకుండా వాడినవాళ్లకంటే వీళ్లలో మరణాలు, అవకాశవాద జబ్బులు (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు పట్టుకునేవి) కలిపి రెండున్నర రెట్లు. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులు కూడా పెరిగాయి. 2006లో ఆ పరీక్షనే మధ్యలో ఆపేయాల్సి వచ్చింది.

అన్‌డిటెక్టబుల్ అంటే వైరస్ లేదని కాదు నాన్నా. నిద్రాణంగా ఉన్న సీడీ4 మెమరీ కణాల్లో, అంటే పాత ఇన్‌ఫెక్షన్లను గుర్తుపెట్టుకునే కణాల్లో, అది దాక్కుని ఉంటుంది. మాత్ర ఆపితే చాలామందిలో కొన్ని వారాలకే తిరిగొస్తుంది.

నీకు విసుగొస్తోందా, లేక మాత్ర పడక ఒంట్లో ఏమైనా ఇబ్బందా? ఇబ్బందయితే దాచకు, డాక్టర్‌కు చెబితే వేరే మందుకు మారుస్తారు. వచ్చేసారి చెకప్‌కు నేనూ వస్తాను. తారీఖు చెప్పు.

మీ అమ్మ