పొనికి కర్ర ఇప్పించండి, కలెక్టర్ గారూ

నిర్మల్ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా ఊరి బొమ్మకు పొనికి కర్రే ప్రాణం. తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. రంపపు పొట్టులో చింతగింజల బంక కలిపి అతుకులేసి, రంగులద్దితే మామిడికాయ నిజమైనదే అనిపిస్తుంది. మా మనవడు ఒకసారి కొరికాడు కూడా!

ఆ కర్రే కరువైంది. అటవీ శాఖతో మాట్లాడి పొనికి మొక్కలు నాటించండి. అవి ఎదిగేదాకా ఈ బొమ్మలు చేసే నకాషీ కళాకారులకు కర్ర సరసమైన ధరకు ఇప్పించండి. రంగులద్దే పని మహిళా సంఘాలకు నేర్పిస్తే ఇంటిపట్టునే నాలుగు రూపాయలొస్తాయి.

ఇంకోటి. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులకు మాత్రం మినహాయింపుంది. ఆ నమోదుకు నిర్మల్‌లోనే ఒక క్యాంపు పెట్టించండి, చాలామందికి టెన్షన్ తీరుతుంది.

ఇట్లు,
నిర్మల్ వాసి