మురళీ, ఆ తోడేళ్ళను నేను ఒప్పుకోను

ప్రియమైన మురళీ,

నువ్వు పంపిన పేపరు కత్తిరింపులు రెండూ అందాయి. కవరు వెనక ఎర్రసిరాతో "చదివి ఒప్పుకో" అని కూడా రాశావు. చదివాను, ఒప్పుకోను. ఎందుకో ఫోనులో చెబితే మధ్యలో అడ్డుపడతావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాఫీ కలుపుకుని కూర్చో, ఇది ఒక పట్టాన అయ్యేది కాదు.

ముందు తోడేళ్ళ సంగతి. పదివేల ఏళ్ళ కిందట అంతరించిన డైర్ వుల్ఫ్ తిరిగి బతికిందనీ, సైన్సు చావును జయించిందనీ రాసిన చోట నువ్వు కింద గీత గీసి మరీ పంపావు. జరిగిందేమిటో చూడు. అమెరికాలోని కొలోసల్ బయోసైన్సెస్ అనే కంపెనీ 13,000 ఏళ్ళనాటి పన్ను, 72,000 ఏళ్ళనాటి పుర్రె తీసుకుని వాటిలో మిగిలిన డీఎన్ఏను చదివింది. దాన్ని చూసుకుంటూ, ఇప్పుడు బతికున్న బూడిద రంగు తోడేలు కణాల్లో 14 జన్యువుల్లో 20 మార్పులు చేసింది. ఆ కణాలతో తయారైన పిండాలను కుక్కల గర్భంలో పెంచింది. అలా పుట్టిన మూడు తెల్లటి పిల్లలను 2025 ఏప్రిల్‌లో లోకానికి చూపించి, ఇవిగో డైర్ వుల్ఫ్‌లు అంది.

ఆ పనితనానికి నేను రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. అంత పాత ఎముకలో చిక్కుకున్న డీఎన్ఏ ముక్కలను ఏరి వరస కూర్చడం మాటలు కాదు. కానీ తోడేలు జన్యుపటంలో దాదాపు 240 కోట్ల అక్షరాలుంటే, 20 చోట్ల దిద్ది దానికి చచ్చిపోయిన జంతువు పేరు పెట్టేస్తారా? మా నారాయణ బాబాయి జుట్టుకు రంగు వేసుకుని పెళ్ళికి వస్తే, పాతికేళ్ళ నారాయణ తిరిగొచ్చాడని ఎవరైనా నమ్ముతారా? ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్‌లో తోడేళ్ళు, నక్కలు, కుక్కల జాతిని పరిశీలించే నిపుణుల బృందం ఇవి డైర్ వుల్ఫ్‌లు కావని తేల్చి చెప్పింది. ఇవి 20 మార్పులు చేసిన బూడిద రంగు తోడేళ్ళని ఆ కంపెనీ ప్రధాన శాస్త్రవేత్త బెత్ షాపిరోనే తర్వాత అన్నారు. ఆ మాట నీ పేపర్లో ఏ మూలన వేశారో వెతికి పంపు, దానికీ గీత గీద్దాం.

పోయిందనుకున్న ప్రాణి తిరిగి రావడమే నీకు కావలిస్తే మన కలివికోడి లేదూ! 1900 తర్వాత ఎవరి కంటా పడని పిట్ట అది. అంతరించిందనే అందరూ అనుకున్నారు. రాత్రిపూట తిరిగే పిట్ట, పగలు వెతికితే ఎలా దొరుకుతుంది? 1986 జనవరిలో కడప జిల్లాలో, సిద్ధవటం చుట్టుపక్కల ముళ్ళపొదల్లో ఒక ఊరివాడి చేతికి చిక్కింది. దానికోసమే లంకమల అభయారణ్యం వచ్చింది. ఆ తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారి దానిమీద పిట్ట అడుగులు పడ్డాయేమోనని వంగి వంగి చూసేవారు. మూడు వేళ్ళ అడుగు కోసం అన్ని రాత్రులు! దానికి బతకడానికి కావలసింది ఆ పొదలే. వాటిని కొట్టేసి, రేపు ప్రయోగశాలలో కలివికోడిని చేసుకుందాంలే అనే రోజు వస్తుందేమోనని నాకు నిజంగా భయం. ఆ తోడేళ్ళ వార్త మీద నా కోపమంతా ఇదే. తిరిగి తేవచ్చన్న ధీమా వస్తే, ఉన్నదాన్ని చూసుకోవాలన్న బుద్ధి పోతుంది.

రెండో కత్తిరింపు ఎల్‌కే-99. దాన్ని 2023 నుంచీ దాచుకున్నందుకు నీ ఓపికకు మెచ్చాను. ఆ జులైలో కొరియా పరిశోధకులు, సీసం, రాగి, భాస్వరం, ఆక్సిజన్ కలిపి చేసిన ఒక పదార్థం మామూలు గాలి ఒత్తిడిలో, 127 డిగ్రీల వేడిలో కూడా ఏ అడ్డూ లేకుండా కరెంటును మోస్తుందన్నారు. నువ్వు అప్పటికప్పుడు విజయవాడ నుంచి హైదరాబాదుకు గాలిలో తేలే రైలు ఎక్కేశావు. అయస్కాంతం మీద ఒక వైపుగా లేచి నిలబడిన ఆ నల్లటి ముక్క వీడియో నేనూ చూశాను. కానీ నాకు నచ్చిన కథ దాని తర్వాతది. ఒక నెలలోనే ప్రపంచమంతా దాన్ని వండి చూసింది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ళూ చేసి చూసి, అలా అడ్డు లేకుండా కరెంటును మోసే గుణం, అంటే అతివాహకత, కనబడలేదన్నారు. అందులో మలినంగా ఉన్న కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల దగ్గర రూపం మార్చుకోవడంవల్లే నిరోధం ఒక్కసారి పడిపోయినట్టు కనిపించిందని తేలింది. జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ వాళ్ళు మలినం లేకుండా స్ఫటికాలు పెంచితే అవి ఊదా రంగులో, అవతలివైపు కనిపించేట్టు వచ్చాయి. కరెంటును మోయడం మాట దేవుడెరుగు, అసలు వెళ్ళనివ్వవు. ఎంత అందమైన జవాబు! ఆ ఊదా స్ఫటికం బొమ్మ మొదటి పేజీలో వేయాలి కదా. ఎవరు వేశారు?

సరే, ఇప్పుడు నేను పంపుతున్న కత్తిరింపు చూడు. వాయేజర్-1, నాసా పంపిన అంతరిక్ష నౌక. మన చిన్నప్పుడు, 1977 సెప్టెంబరు 5న బయలుదేరింది. 2012లో సూర్యుడి గాలి ఆగిపోయే హద్దు దాటి నక్షత్రాల మధ్య ప్రదేశంలోకి వెళ్ళింది. 2023 నవంబరులో దానికి మాట పడిపోయింది. సంకేతం వస్తూనే ఉంది, అందులో అర్థం లేదు. ఒకట్లు, సున్నాలు ఒకే తీరులో తిరిగి తిరిగి వస్తున్నాయి. సమాచారాన్ని పొట్లం కట్టి భూమికి పంపే కంప్యూటరు చెడిందని అర్థమైంది, ఎక్కడ చెడిందో అర్థం కాలేదు. దాన్ని తయారుచేసినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవి దశాబ్దాల నాటి కాగితాలు. ఒక ప్రశ్న వెళ్ళడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మరో ఇరవై రెండున్నర గంటలు. అడిగి, రెండు రోజులు ఆగి, జవాబు విని, మళ్ళీ అడగాలి.

2024 మార్చి 1న వాళ్ళు ఒక చిన్న ఆదేశం పంపారు. చెడిపోయిన భాగాన్ని తప్పించుకుని పక్కదారిన నడవమని ఆ కంప్యూటరుకు ఒక పోటు పొడవడం అనుకో. తిరిగి వచ్చిన సంకేతం ఆ అర్థంలేని తీరులో లేదు, బాగున్నప్పటి మామూలు తీరులోనూ లేదు. దూరపు నౌకలతో మాట్లాడే నాసా యాంటెనాల వ్యవస్థ డీప్ స్పేస్ నెట్‌వర్క్‌లో ఒక ఇంజనీరు కూర్చుని దాన్ని విప్పితే, ఆ కంప్యూటరు జ్ఞాపకమంతా మొదటినుంచి చివరిదాకా అందులో ఉంది! దాన్ని పాత ప్రతితో పోల్చి చూశారు. జ్ఞాపకంలో సుమారు మూడు శాతం పాడైంది, కారణం ఒకే ఒక్క చిప్పు. దాన్ని మార్చడానికి 2400 కోట్ల కిలోమీటర్ల దూరం ఎవరు వెళతారు? అందులో ఉండాల్సిన ప్రోగ్రామంతా ఒకచోట పట్టేంత ఖాళీ మిగతా జ్ఞాపకంలో లేదు. అందుకని ముక్కలు చేసి, ఎక్కడెక్కడ సందు దొరికితే అక్కడ దూర్చి, ఆ ముక్కలన్నీ ఒకదాన్నొకటి వెతుక్కునేట్టు చిరునామాలు దిద్దారు. ఏప్రిల్ 18న పంపారు. 20న జవాబు వచ్చింది. అయిదు నెలల తర్వాత అది మొదటిసారి తన ఒంట్లో ఎలా ఉందో చెప్పింది. ఆ గదిలో వాళ్ళు చప్పట్లు కొడుతున్న ఫొటో చూశాను, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జూన్‌కల్లా పరికరాలు నాలుగూ మళ్ళీ పనిచేశాయి. 1972 నుంచి 2022 వరకు ఆ ప్రాజెక్టు శాస్త్రవేత్తగా ఉన్న ఎడ్ స్టోన్ అదే జూన్ 9న కన్నుమూశారు. నాలుగు పరికరాలూ పనిచేస్తున్నాయన్న ప్రకటన వచ్చింది ఆ తర్వాత నాలుగు రోజులకు. ఆ నాలుగు రోజులు నాకు ఇప్పటికీ మింగుడుపడవు.

మరుసటి ఏడు ఇంకా సాహసం. వాయేజర్ తన యాంటెనాను భూమివైపు తిప్పి ఉంచుకోవడానికి వాడే చిన్న ఇంజన్లలో ఒక జత 2004లోనే పడిపోయింది. వాటి హీటర్లకు కరెంటు అందక, బాగుపడవని వదిలేసి, బదులు జతతో నెట్టుకొచ్చారు. ఆ బదులు జత గొట్టాలు ఇప్పుడు పూడుకుపోతున్నాయి. ఆ బృందంలో ఒక ఇంజనీరు కూర్చుని, హీటర్లు చెడిపోలేదేమో, ఎక్కడో ఒక స్విచ్చు తప్పువైపు పడిందేమో అని ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ అనుకోవడం ఎంత గొప్ప సంగతి! అనుమానం తప్పై, హీటర్లు వేడెక్కకుండానే ఇంజన్లు వెలిగితే చిన్న పేలుడు జరగవచ్చు. పైగా ఆదేశం పంపగల ఆస్ట్రేలియా యాంటెనా, కాన్‌బెర్రాలోని 70 మీటర్లది, 2025 మే 4 నుంచి మరమ్మతుకు ఆగిపోవాల్సి ఉండింది. అందుకని ముందే ధైర్యం చేసి ఆదేశం పంపారు. అక్కడి కబురు ఇక్కడికి చేరడానికే ఇరవై మూడు గంటలు; మార్చి 20న చూస్తే హీటర్ల వేడి పెరుగుతోంది. చచ్చాయని రాసిపెట్టిన ఇంజన్లు బతికాయి! చావును జయించడమంటే ఇదిరా మురళీ, దీనికింద గీత గీయి.

ఆ నౌకలో ఉన్న బంగారు పూత రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, అందులో తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడేవాళ్ళ తరఫున శుభాకాంక్షలు అక్కడిదాకా వెళ్ళాయి, ఇంకా వెళుతున్నాయి. 2026 నవంబరులో అది మననుంచి వెలుగు ఒక రోజు ప్రయాణించేంత దూరానికి చేరుతుంది. ఏటా నాలుగు వాట్ల చొప్పున దాని కరెంటు తగ్గుతోంది, ఒక్కొక్క పరికరాన్నీ ఆపుకుంటూ వస్తున్నారు.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. 2024 జులై 19న, కంప్యూటర్లకు రక్షణ సాఫ్ట్‌వేరు చేసే క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ 85 లక్షల కంప్యూటర్లను నీలి తెర మీద కూలబెట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు, గుర్తుందా? తప్పు తెలిసి 78 నిమిషాల్లో వెనక్కు తీసుకున్నారు, అప్పటికే పడిపోయినవి పడిపోయాయి. వాటిలో చాలావాటి దగ్గరకు మనిషి నడిచి వెళ్ళి, ఒక్కొక్కదాన్నీ తెరిచి, ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. నక్షత్రాల మధ్య ఉన్నదాన్ని ముట్టుకోకుండా బాగుచేశారు, పక్క గదిలో ఉన్నదానికి మనిషి నడవాల్సి వచ్చింది. పంపేముందు ఎన్నిసార్లు చూసుకున్నారన్నదే తేడా. జవాబు రావడానికి నలభై అయిదు గంటలు పడుతుందంటే మనిషి పది సార్లు చూసుకుంటాడు. బటన్ నొక్కగానే 85 లక్షల చోట్లకు వెళ్ళిపోతుందంటే ఇంకా ఎక్కువసార్లు చూసుకోవాలి కదా! ముందు కొద్ది కంప్యూటర్లకు పంపి చూసి, తర్వాత అందరికీ పంపాలన్నది ఆ వృత్తిలో అందరికీ తెలిసిన పద్ధతే. దాన్ని దాటేసినందుకు నాకు క్షమించాలనిపించడంలేదు.

స్వాతిని ఏ బ్రాంచిలో చేర్పించమంటావని అడిగావు. కంప్యూటర్సు అయినా, ఎలక్ట్రానిక్సు అయినా నాకు అభ్యంతరం లేదు. ఎవరో పాతికేళ్ళ కిందట రాసిన ప్రోగ్రాము చదివి అర్థం చేసుకునే పని ఎక్కడైనా దొరికితే, జీతం కొంచెం తక్కువైనా సెలవుల్లో వెళ్ళనివ్వు. మన దగ్గర బ్యాంకుల్లో, రైల్వేలో, కరెంటు ఆఫీసుల్లో అలాంటి పాత యంత్రాలను బతికిస్తున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చుంటే ఆ పిల్లకు ఎంత చదువో! ఈ విషయంలో మీ ఆవిడ నావైపే ఉంటుందని నా నమ్మకం, ఆమెకు ఈ పేరా చదివి వినిపించు.

తోడేళ్ళ మీద నీకు ఇంకా పట్టుదల ఉంటే కారణాలతో రాయి. మూడు తెల్లటి పిల్లల ఫొటో మళ్ళీ పంపితే జవాబుగా లెక్కపెట్టను. ఎల్‌కే-99 కత్తిరింపు మాత్రం తిరిగి పంపుతున్నాను, దాని వెనక ఊదా స్ఫటికం సంగతి రాసి అతికించాను. వాయేజర్ కత్తిరింపు నీ దగ్గరే ఉంచుకో, నా దగ్గర మరొకటి ఉంది.

నీ
రాఘవ