పిడి లోపలి అతుకు

మా దగ్గర రేపియర్లు, అంటే సన్నటి పొడవాటి యూరప్ కత్తులు, కొన్న అందరికీ,

పోయిన నెల ప్రాక్టీసులో ఒక కస్టమర్ చేతిలో మా కత్తి విరిగింది. పిడి ఆయన చేతిలోనే ఉండిపోయింది, అలుగు ఎగిరి గోడకు కొట్టుకుంది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఈ సంగతి మీకు నా నోటే తెలియాలని రాస్తున్నాను.

విరిగినదాన్ని తెప్పించుకుని పిడి కోసి చూశాను. అలుగు నుంచి సన్నగా సాగి పిడిలోకి వెళ్లే భాగాన్ని మేం తోక అంటాం. అలుగూ తోకా ఒకే ఉక్కు ముక్కగా ఉండాలి. ఇందులో తోకను రెండంగుళాలకే కత్తిరించి, దానికి మామూలు ఇనుప కడ్డీ వెల్డింగ్ చేశారు. తెగింది సరిగ్గా ఆ అతుకు పక్కనే. మీటరు దాటిన అలుగుతో ఎదుటివాడి కత్తిని పక్కకు నెట్టినప్పుడు ఆ ఒత్తిడంతా వచ్చి పడేది అక్కడే కదా.

అలుగులు పంపే ఆయనకు పదకొండేళ్లుగా ఆర్డర్లు ఇస్తున్నాను. ఫోన్ చేస్తే, "అందరూ ఇలాగే చేస్తారు సార్, గోడకు తగిలించుకునే కత్తే కదా" అన్నాడు. గోడకు తగిలించుకునే కత్తి! ఎప్పటి నుంచి ఇలా చేస్తున్నాడని అడిగితే జవాబు లేదు.

అలుగు ఒకచోట, పిడి మరోచోట చేయడం ఈ వ్యాపారంలో మొదటి నుంచీ ఉన్నదే. స్పెయిన్‌లో టొలీడో, జర్మనీలో సోలింగెన్ అలుగులకు పేరుపడ్డ ఊళ్లు. వేరే ఊళ్ల పనివాళ్లు వాటిని కొని తమ పిడులు బిగించి అమ్ముకునేవాళ్లు. సోలింగెన్ వాళ్లు తమ అలుగుల మీద టొలీడో కమ్మరుల పేర్లు కొట్టి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. మన దక్కనుకూ యూరప్ అలుగులు వచ్చాయి. వాటికి ఇక్కడి పిడి వేసిన కత్తిని ఫిరంగి అన్నారు. కాబట్టి మోసం కొత్తేమీ కాదు. కానీ ఆ సోలింగెన్ వాళ్లు పేరు దొంగిలించినా ఉక్కు మాత్రం మంచిదే ఇచ్చారు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను. పిడి చివర ఉండే గుండులోంచి తోకను పైకి తీసి, దాని కొసను సుత్తితో రివిట్ కొట్టి బిగించడం పాత పద్ధతి. నేనూ అలాగే చేశాను. నట్టు పెట్టి బిగించేవాళ్లను చూసి, "అది కత్తా, సైకిలా?" అని మీ ముందే నవ్వాను. ఇప్పుడు తెలిసిందేమిటంటే, రివిట్ కొట్టిన పిడిని కోస్తే తప్ప లోపల ఏముందో చూడలేం. నేను గొప్పగా చెప్పుకున్న పనితనమే ఆయన వెల్డింగును ఇన్నేళ్లూ దాచిపెట్టింది. దానికి తోడు వచ్చిన అలుగును వచ్చినట్టే బిగించాను, తోకను ఒక్కసారి గీకి చూసింది లేదు. తప్పులో ఆ సగం నాదే.

పదిహేను రోజులు కొట్టుమిట్టాడి చివరికి నట్టుకే ఒప్పుకున్నాను. ప్రాక్టీసు కత్తులన్నీ ఇకపై నట్టుతోనే వస్తాయి. విప్పి తోకను మీ కళ్లతో చూసుకోండి. అలుగు భుజం దగ్గర, అంటే అలుగు సన్నబడి తోక మొదలయ్యే చోట, మూలను చదరంగా కోయించకుండా గుండ్రంగా తీయిస్తున్నాను, పగులు మొదలయ్యేది ఆ మూల నుంచే. గోడకు పెట్టుకునేవాటికి మాత్రం రివిటే కొడతాను. దాని గురించి ఎవరూ నాకు చెప్పకండి.

పాత కత్తులు ఏ ఏడాది కొన్నవైనా సరే పంపండి, రానుపోను ఖర్చు నాదే. ఈలోగా వాటితో ప్రాక్టీసు చేయకండి. అతుకుంటే అలుగు మారుస్తాను, లేకపోతే నట్టు బిగించి వెనక్కి పంపుతాను.

పనిలో పనిగా బరువు తగ్గించమనీ, పొడవు పెంచమనీ అడుగుతున్నారు. రెండూ కుదరవు. సినిమాల్లో గాల్లో ఆడించే పుల్ల కాదు ఇది, అసలు రేపియర్లే కిలో చుట్టుపక్కల తూగేవి. మన అలుగు 40.5 అంగుళాలు. 1562లో ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి అంతకు మించకూడదని ఆజ్ఞ వేసింది. హద్దు దాటిన కత్తుల మొనలు విరగ్గొట్టడానికి లండన్ ద్వారాల దగ్గర మనుషుల్ని కూడా పెట్టారు. నాకు ఆ కొలతే చాలు.

తిట్టాలనుకునేవాళ్లు సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చేయండి. పగలు గ్రైండర్ మోతలో సరిగా వినపడదు.