శీనుకి ఉత్తరం: ఒక్కో అంకెకి ఒక్కో గడువు

తార్నాక, హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. రోజూ పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండి, మిగతా ఎనిమిది గంటల్లోనే తిండి ముగించే ఉపవాసం మొదలుపెట్టానంటూ, బరువు గురించి పేజీలకు పేజీలు రాసి, చివర్లో "పొద్దున షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటున్నా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది చదివాక నాకు మిగతా విషయాలు బుర్రకెక్కలేదు. ముందు దాని సంగతి చెప్పి, తర్వాత నీ కాటా దగ్గరికి వస్తాను.

ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. నువ్వు తిన్నావా లేదా అని అది చూడదు. పొద్దున ఏడింటికి వేసుకుని పన్నెండు దాకా ఏమీ తినకపోతే షుగర్ పడిపోవచ్చు. 70 కంటే కిందికి వస్తే తక్కువ షుగర్ అన్నట్టే. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి చిరాకు, ఇవి దాని గుర్తులు. అప్పుడు "ఇంకో గంట ఓపిక పడదాం" అనుకోకు. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటాగి మళ్లీ చూసుకో. ఆ రోజుకి ఉపవాసం అక్కడితో సరి. ఇక మాత్ర మానేయాలా, తగ్గించాలా, వేళ మార్చాలా అన్నది నువ్వో నేనో తేల్చేది కాదు, మీ డాక్టర్ చెప్పాలి. చీటీలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి పేర్లు ఉంటే అదీ ఆయనకి చెప్పు, అవీ షుగర్ మాత్రలే. అవి వాడుతూ మరీ ఎక్కువసేపు తినకుండా ఉంటే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు ఖర్చయ్యేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరిగే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత భయం లేదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ప్రతి ఏడూ రంజాన్‌కి ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లి మాత్రల మోతాదు, వేళలు మార్పించుకుని వస్తారు. రోజా మొదలయ్యాక ఎప్పుడూ వెళ్లరు, ముందే వెళ్తారు. నువ్వూ అలా చెయ్యాల్సింది, ఇప్పుడైనా చెయ్యి.

సరే, ఇప్పుడు కాటా. మొదటి వారం గబగబా తగ్గి తర్వాత కదలడం లేదని టెన్షన్ పడుతున్నావు. మొదట తగ్గిన దాంట్లో చాలా భాగం నీరేరా. మన ఒళ్లు కాలేయంలో, కండరాల్లో గ్లూకోజ్‌ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. తినే వేళలు కుదించగానే ఆ నిల్వ కొంత ఖర్చయి, దానితో ఉన్న నీరూ పోతుంది. కొవ్వు అంత తొందరగా పోదు. అందుకే మొదటి వారం వేగాన్ని రెండో నెలతో పోల్చి బాధపడటంలో అర్థం లేదు. ఒక పూట ఆవకాయ, అప్పడాలు కాస్త గట్టిగా లాగించినా మర్నాడు పొద్దున కాటా కిలో పైకి చూపిస్తుంది, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి. రోజూ చూసుకోవాలని ఉంటే చూసుకో. లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, నీళ్లు తాగకముందు, అదే కాటా మీద నిలబడు. కానీ ఏ రోజు అంకెనీ నమ్మకు, వారానికి సగటు తీసి పోయిన వారంతో పోల్చు.

కాటా కంటే నేను ఎక్కువ నమ్మేది టైలర్ టేపుని. మనవాళ్లకి కాళ్లూ చేతులూ సన్నగానే ఉండి కొవ్వంతా పొట్ట దగ్గర చేరుతుంది, షుగర్‌కీ గుండెకీ చేటు చేసేది ఆ కొవ్వే. అందుకే మన దేశంలో నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదంటారు. ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ కూడా అంతే, 25 దాకా పర్వాలేదన్నది తెల్లవాళ్ల లెక్క, మనకి 23 దాటితే చాలు, అధిక బరువే. టేపు ప్యాంటు కట్టుకునే చోట పెట్టకు, అక్కడ పొట్ట కింద నుంచి పోతుంది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడు. పొట్ట లోపలికి పీల్చకు. వారానికి ఒక్కసారి చాలు.

మా వంటింటి గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం గడిలో ఆ అంకె రాస్తాను. నీలాగా ఉపవాసం యాప్ ఎందుకు వాడవని అడిగావు కదా. ఆ గడిలోనే ఏకాదశి, పండగలు, పెళ్లి ముహూర్తాలు ఉంటాయి. ఆషాఢంలో అంకె ఎందుకు పెరిగిందో చూస్తే పక్కనే బోనాలు కనిపిస్తాయి. మా వదిన వాళ్లింట్లో వేటపోతు కూర తిన్న వారం అది, అంతకు మించి వెతకాల్సింది లేదు. రాత్రి సరిగ్గా నిద్రపోని రోజు గడిలో చిన్న చుక్క పెడతాను. చుక్కలు ఎక్కువైన వారాల్లో ఆకలీ ఎక్కువే, తీపి మీద మనసూ ఎక్కువే. ఇది నాకు ఏ యాప్ చెప్పలేదు.

నీ యాప్ పదహారో గంట దాటగానే "ఆటోఫేజీ మొదలైంది" అని చూపిస్తోందన్నావు. కణం తనలోని పాడైన భాగాలను తానే అరిగించుకుని మళ్లీ వాడుకునే పని అది. దాని గుట్టు విప్పినందుకు జపాన్ శాస్త్రవేత్త యొషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది, ఆయన పని చేసింది ఈస్ట్ కణాల మీద. నీ ఒంట్లో అది ఏ గంటకి మొదలైందో చెప్పే పరీక్ష మన ల్యాబుల్లో లేదు, ఫోన్‌కి అసలే తెలియదు. ఆ గంట కోసం కళ్లు తిరుగుతున్నా ఆగడం మాత్రం మానెయ్.

పొద్దున గ్లూకోమీటర్ సంగతి కూడా రాశావు. రాత్రి పడుకునేటప్పుడు 108, ఏమీ తినకుండానే పొద్దున 121, ఉపవాసం బెడిసికొట్టిందేమో అని. లేదురా. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, కాలేయం కొంత గ్లూకోజ్ వదులుతుంది. చాలామందికి పరగడుపు అంకె రాత్రి కంటే ఎక్కువ ఉండేది అందుకే. పైగా ఇంట్లో వాడే మీటర్లకి 100 పైన 15 శాతం అటూ ఇటూ తేడా ఉన్నా ప్రమాణాల ప్రకారం సరైనవే. 108కీ 121కీ మధ్య తేడా నిజంగా ఉందో లేదో ఆ ఒక్క చుక్కతో తేలదు.

నీకు అసలు తీర్పు హెచ్‌బీఏ1సీ. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత షుగర్ అంటుకుందో శాతంలో చెప్పే రక్త పరీక్ష అది. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అందుకే ఈ పరీక్ష రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 5.7 కంటే తక్కువైతే మామూలు, 5.7 నుంచి 6.4 దాకా షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచి షుగర్. నెలకోసారి చేయించుకోవడం డబ్బు దండగ. మూడు నెలలకోసారి, అదే ల్యాబులో చేయించు. కొలెస్ట్రాల్ లాంటివి చూసే లిపిడ్ పరీక్ష కూడా అప్పుడే. కానీ ఒకసారి పన్నెండు గంటల పరగడుపుతో, ఇంకోసారి పద్దెనిమిది గంటలతో రక్తం ఇచ్చి రెండింటినీ పోల్చకు.

బరువు కదలకపోయినా లోపల మేలు జరగొచ్చా అంటే, జరగొచ్చు. 2018లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. షుగర్ ముందు దశలో ఉన్న మగవాళ్లకి ఆరు గంటల్లోనే తిండి పూర్తి చేయించారు, రాత్రి భోజనం మధ్యాహ్నం మూడింటికి ముందే. బరువు తగ్గకుండా తిండి సరిపెట్టారు. అయినా ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది, బీపీ తగ్గింది. చేసింది ఎనిమిది మంది మీదే, కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడను. ఇటువైపు 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందిని ఏడాది పాటు చూశారు. అందరికీ కేలరీలు తగ్గించి, కొందరికి మాత్రం ఎనిమిది గంటల నియమం కూడా పెట్టారు. నియమం వల్ల చెప్పుకోదగ్గ అదనపు లాభం కనబడలేదు. అంటే గంటలు మనకి తక్కువ తినడానికి సాయపడతాయి తప్ప, ఆ ఎనిమిది గంటల్లో రెండు బిర్యానీలు తింటే ఏ గడియారమూ కాపాడదు.

అందుకే నేను వేళ ముందుకు జరిపాను. పదింటికి మొదటి భోజనం, సాయంత్రం ఆరింటికి ఆఫీసులోనే డబ్బా తెరుస్తాను. రాయదుర్గంలో మెట్రో ఎక్కి తార్నాకలో దిగి ఇంటికి చేరేసరికి ఎనిమిది అవుతుంది, అప్పుడు తినడం మొదలుపెడితే అది ఎప్పటికి ముగుస్తుందో నీకు తెలుసు. ఇరానీ చాయ్ మానలేదు, నాలుగింటికి ఒక్కటి తాగుతాను. పొద్దున పాలూ చక్కెరా వేసిన చాయ్ తాగి "ఇంకా ఏం తినలేదు" అనుకోవడం మాత్రం కుదరదు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ లెక్కలో రాసుకోరు: కండ. 2020లో 116 మందిపై చేసిన అమెరికా పరిశోధనలో పన్నెండు నుంచి ఎనిమిది దాకా మాత్రమే తిన్నవాళ్లు తగ్గిన కొద్దిపాటి బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాని బరువే. మన వయసులో అది పోతే మళ్లీ రావడం కష్టం. మా ఇంటికి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలన్నది వాళ్లు చెప్పే లెక్క. నీ 70 కిలోలకి 58 గ్రాములు. రెండు పూటల్లో అంత రావాలంటే చారన్నం, పచ్చడితో సరిపోదు. ముద్దపప్పు, పెరుగు, గుడ్లు, ఉడకబెట్టిన శనగలు, చేప, వీటిల్లో ఏదో ఒకటి ప్రతి పూటా గట్టిగా ఉండాలి. నెలకోసారి చేతులు గుండెలకి కట్టుకుని, కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలవో లెక్కపెట్టి అదీ రాసుకో. బరువు తగ్గుతూ ఈ అంకె కూడా తగ్గుతుంటే నాకు సంతోషం లేదు.

ఇక చెల్లెమ్మ విషయం. నీతో పాటు తనూ మొదలుపెట్టిందని రాశావు. పోయిన ఏడాది తనకి హిమోగ్లోబిన్ తక్కువుందని చెప్పావు గుర్తుందా? ఐరన్ లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదాని కంటే ఎక్కువ చూపించొచ్చు, లేని షుగర్ ఉందని భయపడే వీలుంది. అందుకే తనకి పూర్తి రక్త పరీక్ష, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష ముందు చేయించు. అవి వచ్చేదాకా తనని పొద్దున టిఫిన్ మానొద్దని చెప్పు, రాత్రి తొందరగా తింటే చాలు. నువ్వు చెబితే వినదంటే ఫోన్ తనకివ్వు, నేను మాట్లాడతాను.

దసరాకి పిల్లలతో వస్తున్నారు కదా. పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడుద్దాం, నీ క్యాలెండర్ పేజీలు చింపి జేబులో పెట్టుకుని రా.

నీ
రఘు